రెండు బ్రేకులున్న బండి

ఇరవై ఎనిమిది వేలకి బేరం తెగింది.
ముప్పై దాటితే ర్యాలీలో పేరు రాసుకోరు.
మిగిలిన రెండువేలు బ్యాటరీకి కూడా చాలవని
ఆటోనగర్ దాలినాయుడు ముందే తేల్చేశాడు.

మర్రిపాలెం డ్రైవింగ్ స్కూలు బండి,
తొంభై ఏడు మోడల్ మారుతి.
ఊళ్లో సగంమందికి స్టీరింగంటే భయం
పుట్టిందీ ఇందులోనే, పోయిందీ ఇందులోనే.
క్లచ్ పెడల్ ఒకవైపే అరిగి చెంచాలా వంగింది.
ఎడంసీటు ముందు ఇంకో బ్రేకుంది,
మాస్టారి కాలికోసం.

బానెట్ ఎత్తితే లోపల సముద్రం కాపురముంది.
బ్యాటరీ కింది రేకు వేలితో నొక్కాను,
అప్పడంలా విరిగి చేతికొచ్చింది.
"ఇది కారు కాదు బావూ, ఎండుసేప.
ఇరవయ్యేళ్లు బీచిరోడ్డు మీద ఆరబెట్టేరు"
అని నవ్వి, బీడీ ఆర్పి,
కిందికి దూరాడు దాలినాయుడు.

నేను షిప్‌యార్డులో వెల్డర్ని.
ఓడ అడుగున అతుకు పెట్టడం నా పని.
ఈ బండి అడుగులోంచి మాత్రం
నా చెప్పులు నాకే కనిపించాయి.
నూనె డబ్బా కోసి, సాపు చేసి,
సెకండ్ షిఫ్టు దిగి వచ్చిన ప్రతి రాత్రీ
జానెడు జానెడు అతికాను.
ఒక అతుకు మీద ఇప్పటికీ
వేరుశనగ బొమ్మ తలకిందులుగా ఉంది.

దారి చెప్పేది జులేఖ.
అల్లిపురంలో ఆమెది టైలరింగ్ కొట్టు.
శృంగవరపుకోట దాటాక మలుపులన్నీ
బస్సులో రెండుసార్లు పోయొచ్చి
జాకెట్ల కొలతల పుస్తకంలో రాసుకుంది:
ఎడమ, బిగువు.
కుడి, వదులు.
చంక దగ్గర పట్టేస్తుంది, జాగ్రత్త.
మెడ వెడల్పు, లోయ కనిపిస్తుంది.
నాకు చదివి వినిపిస్తే నవ్వొచ్చింది,
ఆమెకి రాలేదు.

చందా ఇచ్చినవాళ్ల పేర్లు బండి మీద రాస్తామన్నాం.
చేపల నూకాలు యాభై ఇచ్చి
హెడ్‌లైటు పక్కనే కావాలని పట్టుబట్టింది.
రాత్రిళ్లు తన పేరు ముందు పోవాలట.
తుప్పు కనబడ్డచోటల్లా ఒక పేరు రాశాం.
తలుపు కింద ఇంకా ఖాళీలున్నాయి,
డబ్బూ ఇంకా రావాలి.

ఆ డబ్బంతా ఒక బైకు అంబులెన్సుకి.
అనంతగిరి అవతల, తారు రోడ్డు ఆగిపోయాక,
డోలీలో మోసుకొచ్చే కడుపుతో ఉన్న ఆడవాళ్లకి.

శుక్రవారం రాత్రి బరువు తగ్గించే పని పడింది.
వెనక సీటు తీశాం, స్టెప్నీ ఉంచాం,
రేడియో ఎప్పుడో ఎవరో తీసుకుపోయారు.
"ఈ రెండో బ్రేకు కూడా పీకేద్దారి" అని
దాలినాయుడు కటింగ్ బ్లేడు తగిలిస్తుంటే
స్పానర్లందించే కుర్రాడు బొంజుబాబు
మొదటిసారి నోరు విప్పాడు.

"ఉండనీండి.
డోలీ దిగువకి దిగినప్పుడు
ముందోడికి కాలు జారుద్ది, ఆడికి తెలీదు.
ఎనకున్నోడే ఆపాల."

నువ్వెప్పుడు మోశావురా అని అడిగాను.
వాడు పదమూడో నంబరు స్పానరు
గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.
"మా వదిన్ని" అన్నాడు.
"ఎనకాల నేనే."
తర్వాత ఏమైందని ఎవరూ అడగలేదు.
దాలినాయుడు బ్లేడు విప్పి డబ్బాలో పెట్టాడు.

శనివారం తెల్లారకుండా
సింహాచలం ఘాట్ మీద ట్రయలుకి పోయాం.
హారన్ మోగింది. కుడి ఇండికేటర్ మోగలేదు, వెలగలేదు.
రెండో గేర్లో బండి ముసలి దగ్గు దగ్గి
అయినా ఎక్కింది, పైదాకా ఎక్కింది.
మబ్బులో సగం మునిగిన ఊరు కింద,
ఎక్కడో హార్బరు దీపాలు.

దిగేటప్పుడు మూడో మలుపులో
నేను కాలు పెట్టకముందే బండి నెమ్మదించింది.
పక్కకి చూశాను.
జులేఖ పుస్తకంలోంచి తలెత్తలేదు.
ఘాటు దారి ఇది కాకపోయినా
అదే గొంతుతో చదువుకుంటోంది:
ఎడమ, బిగువు.
ఆమె చెప్పు కిందపడి ఉంది.
వట్టి పాదం ఆ బ్రేకు మీద.